కణకవచం: ‘కలదు – లేదు’తో తీరేదేనా?

ఉన్నత పాఠశాల జీవశాస్త్ర పుస్తకాలలో జీవకణాన్ని గురించిన పాఠం చాలవరకు ఒకే తీరున ముగుస్తుంది. పుటకు ఎడమవైపు ఇటుక ఆకారంలో ఒక వృక్షకణం, కుడివైపు గుండ్రని జంతుకణం. వాటి క్రింద భేదాలను తెలిపే పట్టిక. ఆ పట్టికలో మొదటి వరుస ఎప్పుడూ ఒకటే. కణకవచం: వృక్షకణంలో కలదు, జంతుకణంలో లేదు. విద్యార్థి దానిని కంఠస్థం చేస్తాడు, పరీక్షలో వ్రాస్తాడు, మార్కు తెచ్చుకుంటాడు.

ఆ వరుసలో అబద్ధం లేదు. అబద్ధమే అయితే ఎవరో ఒకరు ఏనాడో దిద్ది ఉండేవారు. నిజం కావడం వల్లనే అది చెక్కుచెదరక నిలిచి, తన చాటున కొన్ని అపోహలను ఏటేటా తరగతి దాటిస్తున్నది.

వృక్షకణానికి బయటి హద్దు ఏది అని అడిగితే ‘కణకవచం’ అనీ, జంతుకణానికి హద్దు ఏది అంటే ‘కణత్వచం’ అనీ సమాధానం వస్తుంది. అనగా ఒకదానికి గోడ, రెండవదానికి గోడకు బదులు పొర అని విద్యార్థి గ్రహించాడన్నమాట. ఇందులో అతని తప్పు ఏమీ లేదు. పట్టికలో ఎదురెదురు గడులలో ఉన్నవి ఒకదానికొకటి బదులు అనుకోవడం సహజం. చిత్రం కూడా ఈ పొరపాటుకే దోహదం చేస్తుంది. వృక్షకణం బొమ్మలో కవచానికొకటి, త్వచానికొకటిగా రెండు గీతలు దగ్గర దగ్గరగా గీస్తారు. అచ్చులో ఆ రెండూ కలిసి ఒకే మందపు గీత అవుతుంది. జంతుకణానికి సన్నని గీత. చూసినవాడు లావు గీతకు ఒక పేరు, సన్న గీతకు ఇంకొక పేరు పెట్టుకుంటాడు.

నిజానికి కణానికి హద్దు రెండింటిలోనూ కణత్వచమే. కొవ్వు జాతి అణువులు రెండు వరుసలుగా పేర్చుకొనగా, వాటి నడుమ మాంసకృత్తులు ఇమిడి ఏర్పడిన పొర అది. దాని మందం 7, 8 నానోమీటర్లు మాత్రమే. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. లోనికి ఏది రావాలో, బయటికి ఏది పోవాలో నిర్ణయించేది ఈ పొరయే. వృక్షకణం ఈ పొరకు వెలుపల, తాను తయారుచేసిన పదార్థంతో ఇంకొక కట్టడం కట్టుకుంటుంది. అదే కణకవచం. పెరిగే కణంలో దాని మందం సుమారు 100 నుండి 1,000 నానోమీటర్లు ఉంటుంది. దానిలోని ముఖ్య పదార్థమైన సెల్యులోజు పోగులను వడికే యంత్రాలు కణత్వచంలోనే ఉన్నాయి. కవచాన్ని నేసే మగ్గమే కణత్వచమన్నమాట. మగ్గానికి బదులు గుడ్డ అని ఎవరైనా చెబితే ఎట్లా ఉంటుందో, త్వచానికి బదులు కవచం అనడం అట్లా ఉంటుంది.

ఈ సంగతిని కళ్ళకు కట్టించే ప్రయోగం ఒకటి అదే పుస్తకంలో ఉంటుంది. ఎర్ర ఉల్లిగడ్డ పై పొరను సన్నగా ఒలిచి, నీటిచుక్కలో ఉంచి సూక్ష్మదర్శినిలో చూస్తే కణమంతా ఎర్రని రంగు నిండి ఉంటుంది. ఆ నీటిని తీసి చిక్కని ఉప్పునీరు వేస్తే, కొన్ని నిమిషాలలో రంగుతో కూడిన లోపలి ముద్ద నాలుగు వైపుల నుండి ముడుచుకొని గోడను వదిలివేస్తుంది. గోడ ఉన్నచోటనే ఉంటుంది. వెనక్కి జరిగిన అంచు కణత్వచానిది, జరగని అంచు కణకవచానిది. ఒకే గీతగా అచ్చయిన రెండు వస్తువులు అక్కడ విడివిడిగా కనిపిస్తాయి. ఆలస్యం చేయకుండా మళ్ళీ మంచినీరు వేస్తే ముద్ద ఉబ్బి గోడను తాకుతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫెఫర్ 1877లో కణానికి అతి పలుచని త్వచం ఒకటి ఉండి తీరాలని వాదించింది ఇటువంటి ద్రవాభిసరణ ప్రయోగాల బలం మీదనే. అయితే పుస్తకంలో ఈ ప్రయోగం ‘ద్రవాభిసరణ’ అనే వేరే పాఠంలో, పట్టికకు ఎన్నో పుటల అవతల ఉంటుంది. పట్టిక చదివే రోజున అది విద్యార్థికి తెలియదు. ప్రయోగం చేసే రోజున పట్టిక గుర్తుండదు.

కవచం ఎందుకు అన్న ప్రశ్నకు పుస్తకాలు ఇచ్చే సమాధానం ఇంకొకటి: ‘కణానికి రక్షణ ఇస్తుంది, ఆకారం ఇస్తుంది.’ కోటగోడతో పోలిక కూడా తరచు కనిపిస్తుంది. తెలుగులో ‘కవచం’ అన్న మాటే యుద్ధభూమిని తలపునకు తెస్తుంది. కొందరు వాడే ‘కణకుడ్యం’ అన్న మాట కొంత నయం; కాని కుడ్యమన్నా బయటి శత్రువును ఆపే గోడ అనే భావమే కలుగుతుంది. శిలీంధ్రాలను, పురుగులను అడ్డుకొనే పని కవచం చేయకపోలేదు. దాని ముఖ్యమైన పని మాత్రం లోపలి నుండి వచ్చే ఒత్తిడిని ఆపడం.

వృక్షకణంలో చక్కెరలు, లవణాలు కరిగి ఉన్నాయి. చుట్టూ ఉన్న నీరు పలుచన. కనుక నీరు త్వచం గుండా లోనికి చేరుతూనే ఉంటుంది. ఆపే గోడ లేకపోతే కణం ఉబ్బి ఉబ్బి పగులుతుంది. గోడ ఉన్నందువల్ల నీరు కొంతవరకు చేరి, లోపలి ఒత్తిడి పెరిగి, ఇక చేరడం ఆగుతుంది. ఆకుల కణాలలో ఈ ఒత్తిడి సామాన్యంగా 3 నుండి 10 వాతావరణ పీడనాల వరకు ఉంటుంది. మోటారు కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు 2 మాత్రమే. కోటగోడ కన్న సైకిలు చక్రం ఇక్కడ మంచి ఉపమానం. ట్యూబు కణత్వచం, టైరు కణకవచం. టైరు లేకుండా ట్యూబుకు గాలి కొడితే ఏమవుతుందో ప్రతి విద్యార్థికీ తెలుసు. వాడిన తోటకూర కట్ట మీద నీళ్ళు చిలకరిస్తే తిరిగి నిటారుగా నిలబడడం, లేత దోసకాయ కొరికితే పటుక్కుమనడం, రెండూ గాలి నిండిన టైరు బిగువు వంటివే. ఉపమానం ఒకచోట చాలదు: టైరు పెరగదు, కవచం కణంతోపాటు పెరుగుతుంది. ఆ ఒక్క మాట ఉపాధ్యాయుడు చెబితే చాలు.

జంతుకణానికి టైరు లేదు. రక్తంలోని ఎర్రకణాన్ని శుద్ధజలంలో వేస్తే మొదట బిళ్ళ ఆకారం పోయి బంతి అవుతుంది, తరువాత పగులుతుంది. దాని త్వచం వైశాల్యంలో నూటికి 3, 4 పాళ్ళకు మించి సాగలేదు. అందుచేతనే రోగి నరంలోనికి ఎక్కించే లవణజలం నూటికి 0.9 వంతు ఉప్పు ఉండేట్లు కొలిచి తయారుచేస్తారు. మంచినీటిలో బ్రతికే అమీబాకు కూడా గోడ లేదు. అది లోనికి చేరిన నీటిని సంకోచ రిక్తిక ద్వారా ఎప్పటికప్పుడు తోడి పోస్తూ బ్రతుకుతుంది. ఆసుపత్రిలోని సెలైన్ సీసా, చెరువులోని అమీబా, గోంగూర ఆకు మూడూ ఒకే ప్రశ్నకు మూడు సమాధానాలు. ‘కలదు – లేదు’ అన్న వరుసలో ఆ ప్రశ్న ఎక్కడా లేదు.

ఆకారం విషయానికి వస్తే, ఇటుక బొమ్మ, బంతి బొమ్మ ఇంకొక అపోహకు మూలం. వృక్షకణం స్వభావంచేత పలకలుగాను, జంతుకణం స్వభావంచేత గుండ్రంగాను ఉంటుందని విద్యార్థులు నమ్ముతారు. ఇంగ్లండులో కాకింగ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1960లో టమాటా వేరు కొనలను, ఒక బూజు నుండి తీసిన సెల్యులోజును కరిగించే ఎంజైములో నానబెట్టాడు. గోడలు కరిగి విడివడిన కణాలు చక్కని బంతులుగా తేలాయి. గోడ తీసివేస్తే వృక్షకణమూ గుండ్రనిదే. అటువంటి కణాన్ని తగిన చక్కెర ద్రావణంలో ఉంచితే తిరిగి కొత్త గోడ కట్టుకుంటుంది. 1971లో తకెబె, అతని సహచరులు పొగాకు ఆకు నుండి తీసిన ఇటువంటి కణాల నుండి మొత్తం మొక్కలనే పెంచి చూపారు. ఇక జంతుకణాలలో బంతి ఆకారం అరుదు. ప్రయోగశాలలో చూపే బుగ్గ లోపలి కణాలు పలుచని, వంకరటింకర రేకులు. నాడీకణానికి మీటరు పొడవైన తోక ఉండవచ్చు.

వృక్షకణం అంటే ఇటుక అన్న భ్రమ పోవడానికి ఒక దూదిపింజ చాలు. పత్తి గింజ మీది ఒక్కొక్క పోగు ఒక్కొక్క కణం. గింజ పై పొరలోని కణమొకటి పొడవుగా సాగి, లోపల సెల్యులోజును పొర మీద పొరగా పేర్చుకొని, కాయ పగిలేసరికి చనిపోతుంది. మిగిలేది కవచం మాత్రమే. రెండున్నర, మూడు సెంటీమీటర్ల పొడవున్న ఆ కవచంలో నూటికి 90 పాళ్ళకు పైగా సెల్యులోజు. గుంటూరులోనో ఆదిలాబాదులోనో పత్తి చేల నడుమ ఉన్న బడిలో కణకవచం పాఠం చెబుతూ, ఉల్లిపొర దాటి బయటికి చూడకపోవడం వింతగానే ఉన్నది.

ఇప్పుడు కుడివైపు గడి. ‘లేదు’ అన్న మాట చదివి విద్యార్థి ఊహించేది ఏమిటంటే, జంతుకణం వెలుపల ఏమీ లేదని. పట్టిక చేసే అపకారాలలో ఇదే పెద్దది.

ఈ విషయంలో చరిత్ర మంచి పాఠం చెబుతుంది. పాఠ్యపుస్తకాలు ష్లైడన్, ష్వాన్ అనే ఇద్దరి పేర్లనూ 1838, 1839 సంవత్సరాలనూ ఒక వాక్యంలో చెప్పి దాటిపోతాయి. వృక్షాలు కణాలతో నిర్మితమన్న సంగతి అప్పటికి కొత్త కాదు. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసి ‘గదులు’ అని పేరు పెట్టినవి గోడలే. లోపలి జీవం ఎప్పుడో పోయింది. జంతువుల శరీరంలో మాత్రం గోడలు కనబడకపోవడంచేత కణాలను గుర్తించడం కష్టమయింది. ష్వాన్ గుర్తించింది ఎక్కడ? కప్ప డింభకాల పృష్ఠవంశంలో, మృదులాస్థిలో. మృదులాస్థిలో కణాలు ఎడంగా ఉండి, నడుమ దృఢమైన పదార్థం ఉంటుంది. ఆ పదార్థం వల్ల ఒక్కొక్క కణం గదిలో ఉన్నట్లు, మొక్క ముక్కలో ఉన్నట్లు కనిపిస్తుంది. ఆ పోలికే జంతువులూ వృక్షాలూ ఒకే విధమైన కణాలతో ఏర్పడినవన్న సిద్ధాంతానికి దారి తీసింది. ష్వాన్ ఆ తరువాత ప్రతి జంతుకణానికీ అటువంటి పొర ఉండాలని వెతికాడు. చివరకు 1861లో మాక్స్ షుల్ట్జె, కేంద్రకం గల జీవపదార్థపు ముద్దయే కణమనీ, గోడ ఉండి తీరవలసిన అంగం కాదనీ స్పష్టం చేశాడు. గోడ పేరుతో పుట్టిన ‘కణం’ అన్న భావం గోడను వదిలించుకొనడానికి దాదాపు రెండు వందల సంవత్సరాలు పట్టింది.

ష్వాన్ చూసిన ఆ నడిమి పదార్థం భ్రమ కాదు. జంతుకణాలు కూడా తమ వెలుపలికి పదార్థాన్ని స్రవిస్తాయి. అందులో ముఖ్యమైనది కొల్లాజెన్ అనే మాంసకృత్తి. మానవ శరీరంలోని మాంసకృత్తులలో నాలుగవ వంతుకు పైగా ఇదే. ఎముకకు, కండర బంధనానికి, చర్మానికి బలం దీని నుండి వస్తుంది. దాని అణువు మూడు పేటల త్రాడు అని 1954లో మదరాసు విశ్వవిద్యాలయంలో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు. తోలు అన్నా ఇదే. పచ్చి చర్మంలోని కొల్లాజెన్ పోగులకు తంగేడు చెక్క వంటి వాటి కషాయం పట్టించడమే తోలు ఊనడం. మదరాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన యలవర్తి నాయుడమ్మ జీవితకాలమంతా పరిశీలించిన పదార్థం, మరొక విధంగా చెబితే, జంతుకణాల వెలుపలి కట్టడమే. నూలు పంచె వృక్షకణాల బయటి భాగం. తోలు చెప్పులు జంతుకణాల బయటి భాగం. రెండూ కణాలు కట్టి విడిచినవి. ఒక గడిలో ‘కలదు’ అనీ, రెండవ గడిలో ‘లేదు’ అనీ వ్రాసి ఊరుకుంటే ఈ రెండింటిలో ఒకటి లెక్కలోనికి రాకుండా పోతుంది.

మరి భేదం లేదా? ఉన్నది; ‘కలదు – లేదు’ కన్న లోతైనదే ఉన్నది. కణకవచం ఏ కణానికి ఆ కణం కట్టుకొనే స్వంత ఇల్లు. పొరుగు కణాల కవచాలు పెక్టిన్ అనే జిగురుతో అతుక్కొని ఉంటాయి. గోడలలో కిటికీల వంటి సన్నని రంధ్రాల గుండా జీవపదార్థపు పోగులు ఒక కణం నుండి మరొక కణానికి సాగుతాయి. కొల్లాజెన్ మొదలైన వాటితో ఏర్పడేది మాత్రం ఉమ్మడి ఆస్తి. అనేక కణాలు కలిసి స్రవించిన దానిలో అన్నీ కలిసి ఉంటాయి. ష్వాన్ పరిశీలించిన పృష్ఠవంశమే ఇందుకు చక్కని ఉదాహరణ. అక్కడి కణాలు పెద్ద రిక్తికలతో ఉబ్బి, అచ్చంగా మొక్కలో వలెనే ఒత్తిడితో బిగువు సంపాదిస్తాయి. అయితే ఆ ఒత్తిడిని ఆపేది ఒక్కొక్క కణం చుట్టూ ఉన్న గోడ కాదు, మొత్తానికి కలిపి చుట్టిన ఒకే కొల్లాజెన్ తొడుగు.

ఇంటిలో బందీ అయిన వృక్షకణం పుట్టినచోటు నుండి కదలదు. రక్తంలోని తెల్లకణం కేశనాళం గోడలో సందు చేసుకొని పుండు ఉన్నచోటికి ప్రాకిపోతుంది. మొక్కలకూ కంతులు వస్తాయి. వాటిలోని కణాలు మాత్రం విడివడి వేరొకచోట నాటుకొనడం ఉండదు. మానవులలో క్యాన్సరు భయంకరమైనది కావడానికి ఆ వలసయే ముఖ్య కారణం. బయటి కట్టడంలోని ఒక్క భేదం ఎంత దూరం వెళ్ళిందో ఇక్కడ కనిపిస్తుంది.

జంతుకణపు స్వంత ఉపరితలం కూడా బోసిగా లేదు. త్వచం మీద చక్కెర అణువుల గొలుసులు మొలిచి ఉంటాయి. ‘ఎ’, ‘బి’ రక్తవర్గాలకు భేదం ఎర్రకణం మీది ఆ గొలుసుల చివర ఉన్న ఒక్క చక్కెర అణువులోనే ఉన్నది. తన రక్తవర్గం తెలిసిన ప్రతి విద్యార్థీ తన ఎర్రకణాల వెలుపలి నిర్మాణాన్ని గురించి ఒక సంగతి తెలిసినవాడే. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

వంటింటిలో ఈ రెండు కట్టడాలూ రోజూ పరీక్షకు వస్తాయి. కొన్ని ఊళ్ళ బావి నీటిలో కందిపప్పు ఎంతసేపు కాచినా ఉడకదు. ఆ నీటిలోని కాల్షియం లవణాలు కణాల నడుమ ఉన్న పెక్టిన్ జిగురును ఇంకా బిగించివేస్తాయి. కణాలు విడివడవు, పప్పు మెదగదు. చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడుతుంది. మేక కాళ్ళ పాయా గంటల తరబడి కాస్తే పులుసు చేతికి అంటుకొనేటంత జిగటగా తయారవుతుంది. కొల్లాజెన్ త్రాడు పేటలు విడిపోయి జెలటిన్ కావడమే అందుకు కారణం. ఒకటి చక్కెర జాతి జిగురు, ఒకటి మాంసకృత్తి. ఆవకాయ ముక్కకు టెంక ఉండాలని పెద్దలు పట్టుబట్టడం కూడా కణకవచం సంగతే. టెంకలోని కవచాలలో లిగ్నిన్ చేరి కొయ్యబారి ఉంటాయి. ఉప్పు కణాలలోని నీటిని లాగివేసినా అవి మెత్తబడవు.

‘సెల్యులోజు వృక్షాలకు మాత్రమే ప్రత్యేకం’ అన్న వాక్యం కూడా కొన్ని పుస్తకాలలో ఉన్నది. దానిని తొలగించవచ్చు. సముద్రంలో రాళ్ళకు అంటుకొని బ్రతికే ట్యూనికేటులు అనే జంతువులు తమ శరీరం చుట్టూ తొడుగులో సెల్యులోజును తయారుచేసుకుంటాయి. వెన్నెముక గల జంతువులకు ఇవి దగ్గరి చుట్టాలు. ఈ సంగతిని ష్మిట్ అనే శాస్త్రజ్ఞుడు 1845లోనే బయటపెట్టాడు. అక్కడ కూడా సెల్యులోజు ఒక్కొక్క కణానికి గోడగా కాక, జంతువు మొత్తానికి అంగీగా ఉన్నదన్నది గమనించదగినది.

పాఠ్యపుస్తక రచయితల పక్షాన చెప్పవలసింది కొంత ఉన్నది. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకు కొల్లాజెన్, పెక్టిన్, చక్కెర గొలుసులు అన్నీ ఒకేసారి చెబితే పాఠం బరువెక్కుతుంది. పీరియడు నలభై, నలభై ఐదు నిమిషాలు. ఎక్కడో ఒకచోట సంగ్రహించక తప్పదు. అయితే సంగ్రహం వేరు, ప్రశ్నను కాజేయడం వేరు. పట్టికను తీసివేయనవసరం లేదు. దానిలో మొదటి వరుసగా ‘కణత్వచం: రెండింటిలోనూ కలదు’ అని వ్రాస్తే సగం అపోహ అక్కడికక్కడే తీరుతుంది. రెండవ వరుసలో ‘లేదు’ అనేదానికి బదులు ‘స్వంత గోడ లేదు, కణాల నడుమ ఉమ్మడి పదార్థం ఉంటుంది’ అని వ్రాయడానికి పుటలో చోటు చాలకపోదు. బొమ్మలో కవచాన్ని, త్వచాన్ని వేరు వేరు రంగులతోనో, కొంచెం ఎడంగానో చూపవచ్చు. ఉల్లిపొర, ఉప్పునీటి ప్రయోగాన్ని వేరే పాఠం నుండి తెచ్చి ఈ పాఠంలోనే పెట్టవచ్చు.

ఆ ప్రయోగం చేయించిన ఉపాధ్యాయుడు విద్యార్థులను ఒక ప్రశ్న అడిగి చూడవచ్చు. లోపలి ముద్ద ముడుచుకొన్న తరువాత కవచానికీ త్వచానికీ మధ్య ఏర్పడిన ఆ ఎడంలో ఏమి ఉన్నది? ‘గాలి’ అని కొందరు, ‘శూన్యం’ అని కొందరు, ‘కణం నుండి వచ్చిన నీరు’ అని కొందరు అంటారు. అక్కడ ఉన్నది బయటి ఉప్పునీరే. సెల్యులోజు అల్లికలోని సందుల గుండా ఉప్పు, నీరు రెండూ యథేచ్ఛగా లోనికి వచ్చాయి. త్వచం దగ్గర మాత్రం ఉప్పు ఆగిపోయింది.